పోయేటప్పుడు మొక్కలు, వచ్చేటప్పుడు పిట్టలు

మా ఆయన బస్సు డ్రైవరు. ఈ ఒక్క ముక్క చెబితే ఆయన గురించి ముప్పాతిక వంతు చెప్పినట్టే. మిగతా పాతిక వంతు చిరాకు.

డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన ‘గడియారం’. ఆయన బస్సు మలుపు తిరగడం చూసి కొట్టువాళ్ళు షట్టరు ఎత్తేవారంటే అతిశయోక్తి కాదు. ఆలస్యమంటే ఆయనకు ఒళ్ళు మంట. ఎవరైనా పెళ్ళికి పిలిస్తే శుభలేఖలో వేసిన వేళకే వెళ్ళి, ఇంకా కుర్చీలు దించుతున్నవాళ్ళకు సాయం పట్టి, అసలు చుట్టాలు వచ్చేసరికి తిరుగుముఖం పట్టే రకం. కుర్రతనంలో డిపోలో బస్సులు కడిగే పనికి చేరాడు. కడిగిన బండిని పక్కకు పెట్టే వంకతో స్టీరింగు పట్టుకున్నాడు. పట్టుకున్నది మళ్ళీ వదల్లేదు. నిద్రలో కూడా కుడికాలు బ్రేకు తొక్కుతూ ఉంటుంది. ఆ తన్నులు తినేది నేను కాబట్టి నాకు బాగా తెలుసు.

ఇన్నేళ్ళలో ఆయన చేతికింద ఏ బండికీ గీత పడలేదు. ఆ సంగతి ఆయన చెప్పుకోడు. ఎవరైనా చెబితే మాత్రం వినడానికి ఆగుతాడు. టైము పట్టించుకోకుండా ఆయన ఆగేది ఆ ఒక్క చోటే.

అలాంటి మనిషి చలికాలం చివర్లో ఒకనాడు పొద్దున్నే గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ కూలబడిపోయాడు. మాట ముద్దగా వచ్చింది. అర ముఖానికి నురగ, అర ముఖం శుభ్రంగా. అలాగే ఆటోలో పడేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సాయంత్రానికల్లా మాట తిరిగొచ్చింది, కాలూ చెయ్యీ కదిలాయి. తలలో చిన్న రక్తపు గడ్డ, అదృష్టం బాగుంది, పెద్ద గండం తప్పిందన్నారు. మాత్రలు రాశారు. కొన్నాళ్ళు స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. రోజూ నడవమన్నారు, కాని నెమ్మదిగా నడవమన్నారు. ఆ ‘నెమ్మదిగా’ అన్న మాట దగ్గర ఆయన డాక్టరును చూసిన చూపు, చేతిలోది లాక్కున్నవాణ్ణి పసివాడు చూసినట్టుంది.

ఇంక నా అవస్థ మొదలైంది. నేను ఇంట్లో ముందు గదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుడతాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవను. ఈయన కాలు కాలిన పిల్లిలా ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి. కారని కుళాయికి వాషరు మార్చాడు. మార్చాక అది కారడం మొదలెట్టింది. నా కత్తెరకు పదును పెడతానని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. కిటికీ దగ్గర నిలబడి రోడ్డుమీద పోయే ప్రతి బస్సుకూ వంకలు పెట్టేవాడు. బ్రేకు అలా కొడితే లోపల ముసలివాళ్ళు ఏమవుతారు, ఆ గేరు ఏడుపు వినిపించడం లేదా వాడికి, అని. ఎవరికి చెబుతున్నాడు? నాకు. చెవిలో జోరీగలాగా. నా తల ప్రాణం తోకకొచ్చింది.

సరే, నడవమన్నారు కదా, నడిపిద్దామని చెరువు బాటకు తీసుకెళ్ళాను.

మా వీధి చివర పాత కార్ఖానా గోడ ఒకటి ఉంది. దానిని ఆనుకుని చెరువు తాలూకు పెద్ద చిత్తడి నేల. ఒకప్పుడు చెత్త పోసేవాళ్ళు. తరువాత ఎవరికో మంచి బుద్ధి పుట్టి చెత్త తీయించి, బురదమీద చెక్కలు పరిచి బాట వేయించారు. బాట పొడుగునా ఒక పక్క నీళ్ళు, ఒక పక్క గోడ. మధ్యలో మనం. చివర ఒక ఇనప స్తంభం ఉంటుంది, అక్కడితో బాట ఆగిపోతుంది. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. వెళ్ళేటప్పుడు నీళ్ళు ఎడమపక్క, వచ్చేటప్పుడు కుడిపక్క.

మొదటి రోజులు ఏం చెప్పను. ఈయన స్తంభం దాకా రయ్యిమని వెళ్ళడం, దాన్ని చేత్తో తాకి రయ్యిమని వెనక్కి రావడం. నేను ఎక్కడైనా ఒక్క క్షణం ఆగితే, ఇక్కడ స్టాపు లేదు నడువు అనడం. ఒకరోజు నాకు చిర్రెత్తుకొచ్చింది. బెంచీ కనిపిస్తే కూలబడి, మీరు పోండి, నేను తరువాతి బస్సుకు వస్తానన్నాను. ఆయన కొంతదూరం పోయి, వెనక్కి వచ్చి, పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడన్నమాటే గాని మోకాలు ఊగుతూనే ఉంది.

ఆ కూర్చోవడంలోనే మొదటిసారి చూశాం. ఎదురుగా జమ్ము దుబ్బులు చలికి ఎండి గోధుమరంగుకు తిరిగిపోయి ఉన్నాయి. వాటి పైనుండే లావుపాటి కంకులు పగిలి, దూదిలాంటి నూగు గాలికి రేగుతోంది. చచ్చిపోయిన గడ్డి అనుకునేదాన్ని నేను. కాని కిందకు వంగి చూస్తే, ఆ ఎండు ఆకుల మొదట్లో, బురదలోంచి పచ్చటి మొనలు అప్పుడే పైకి లేస్తున్నాయి. ఇంకా వేలెడు కూడా లేవు. వాటి మధ్య జిగురుజిగురుగా ఒక ముద్ద తేలుతోంది, లోపలంతా నల్లచుక్కలు. కప్పగుడ్లు. మా ఆయన చిన్నపిల్లాడిలా వంగి చూశాడు. మోకాలు ఊగడం ఆగింది. ఇవి ఎప్పుడు పెట్టి ఉంటాయంటావు అని నన్నడిగాడు. నేనేమైనా కప్పల మంత్రసానినా?

ఆరోజు నుంచి ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. బాటకు స్టాపులు పెట్టాడు. కప్పల స్టాపు, జమ్ము స్టాపు, ఎర్రపొద స్టాపు. ప్రతి స్టాపులో ఆగాలి, చూడాలి, టైము కాగానే కదలాలి. ఎక్కువసేపు ఆగితే మళ్ళీ ఊరుకోడు. కప్పగుడ్లలో చుక్కలు సాగి తోకలు వచ్చాయి. ఎండిపోయిందని అందరూ వదిలేసిన గోడవారి పొద కణుపు కణుపుకూ ఎర్రటి మొగ్గ తొడిగింది. గోడ పగుళ్ళలో నాచు తేరుకుని, దాని మధ్య మొలిచిన మొక్కకు సూదిమొన అంత తెల్లటి పూలు వచ్చాయి. నేను కళ్ళజోడు పెట్టుకుంటే గాని కనిపించనివి, ఆయన నడుస్తూ నడుస్తూనే పట్టేసేవాడు. ఆయన కళ్ళు చూసి నాకు ముచ్చటేసేది.

పిట్టల దగ్గరే గొడవంతా. నీళ్ళలో ఒక పెద్ద బాతుల గుంపు ఉండేది. చలికాలానికి ఎక్కడినుంచో వచ్చి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోయే బాతులవి. నల్లటి ఒంటికి ఎర్రటి ముక్కున్న నీటికోళ్ళు జమ్ములో గూటికి పుల్లలు ఏరుకునేవి. ఒక లకుముకి పిట్ట ఎండుకొమ్మ మీద కూర్చుని, దభీమని నీళ్ళలోకి పడి, చేపతో లేచేది. నేను అవిగో చూడండి అంటే, ఏదీ, ఏదీ అంటాడు. అటూ ఇటూ తల తిప్పి, కాసేపటికి, ఓ అదా, ఇప్పుడే వచ్చి వాలిందే అంటాడు. ఇప్పుడే వాలడమేమిటి, నేను ఇందాకటినుంచీ చూస్తున్నానంటే ఒప్పుకోడు. నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాం చూపించింది చూడటానికి కూడా నామోషీ కాబోలనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆయనే ఒక సిద్ధాంతం తయారుచేశాడు. ఈ పిట్టలకు కూడా డ్యూటీలున్నాయట. మనం పోయేటప్పుడు అవి జమ్ము లోపల ఉంటాయి, ఎండ పొడ తగిలాక మనం తిరిగొచ్చే వేళకు బయటికొస్తాయి. పోయేటప్పుడు మొక్కల డ్యూటీ, వచ్చేటప్పుడు పిట్టల డ్యూటీ. అప్ ట్రిప్పులో ఒక్క పిట్టయినా ఉందా చెప్పు, డౌన్ ట్రిప్పులో చూడు, కిటకిటలాడిపోతాయి. గడియారం కనుక, లోకమంతా టైం టేబులు ప్రకారమే నడుస్తుందని ఆయన నమ్మకం. ఆయన బస్సులో కండక్టరు నన్ను వదినా అని పిలుస్తాడు, వారానికోసారి చూడ్డానికొచ్చేవాడు. అతనికీ ఈ సిద్ధాంతం వివరంగా చెప్పాడు. అతను పకపకా నవ్వి, అన్నా, నువ్వు బాతులకు కూడా డ్యూటీ చార్టు వేశావా అన్నాడు. నేనూ నవ్వాను. అప్పుడు బాగానే నవ్వొచ్చింది.

ఇంట్లో మాత్రం చీటికీ మాటికీ కీచులాటే. గుమ్మం దాటుతూ ఎడమ భుజం తలుపుకు కొట్టుకునేవాడు. కళ్ళు నెత్తికెక్కాయా అని తిట్టేదాన్ని. పళ్ళెంలో కొంత తిని కొంత అలాగే వదిలేసి, ఇంకొంచెం పెట్టు అనేవాడు. ఉన్నది తినండి ముందు అంటే, ఏముంది తినడానికి అని నా మీద ఎగిరేవాడు. నేను విసుగ్గా పళ్ళెం ఒక తిప్పు తిప్పేదాన్ని. అప్పుడు తినేవాడు. ఖాళీగా కూర్చుని తిక్క పెరిగిందనుకున్నానే గాని ఇంకోటి అనుకోలేదు.

ఆ కొంగే లేకపోతే ఇంకా ఎన్నాళ్ళు అలాగే ఉండేదాన్నో.

ఆరోజు పొద్దున మంచు కొద్దిగా ఉంది. బాటమీద మేమిద్దరమే. స్తంభం వైపు వెళ్తున్నాం. ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక. నీళ్ళ వైపు బాటకు కట్టిన కమ్మీ మీద ఒక బూడిదరంగు కొంగ నిలబడి ఉంది. పెద్దది, నేలమీద నిలబడి మెడ చాచితే నా ఛాతీ దాకా వస్తుంది. ఈ జాతి కొంగ సంగతి మాకు తెలుసు. దూరంనుంచి మనిషి తలెత్తి చూస్తే చాలు, రెక్కలు విప్పేస్తుంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ దొరకలేదు. ఆయన చూసి ఆగుతాడని నేను ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. ఆయన ఆగలేదు. గోడమీది పసుపు పూల గురించి ఏదో చెప్పుకుంటూ, చొక్కా చెయ్యి దాని ఈకలకు తగులుతుందా అన్నంత దగ్గరగా, తిన్నగా వెళ్ళిపోయాడు. కొంగ కదల్లేదు. తనను చూడని మనిషంటే దానికేం భయం? మెడ వంచి ఆయన్ని పైనుంచి కిందకు చూసింది. తరువాత నన్ను చూసి, అప్పుడు లేచింది.

ఆ రెక్కల చప్పుడుకు ఆయన అదిరిపడి, కమ్మీ పట్టుకున్నాడు. “ఎక్కడినుంచి వచ్చిందే ఇది?” అన్నాడు.

స్తంభం దాకా వెళ్ళాం, తిరిగాం. తిరగ్గానే ఆయన, అదిగో లకుముకి, అదిగో నీటికోడి, పుల్ల ఎంత పొడుగుదో చూడు అంటూ మొదలెట్టాడు. నీళ్ళు ఇప్పుడు కుడిపక్కకు వచ్చాయి. నేను ఆయన చెప్పేవేవీ వినలేదు. తలుపుకు కొట్టుకునే భుజం ఏ పక్కదో, పళ్ళెంలో మిగిలేది ఏ పక్కో, అప్పుడే వాలిన పిట్టలన్నీ ఏ పక్క వాలేవో, అన్నీ ఒక్కసారిగా నా తలలో కలిశాయి.

ఇంటికొచ్చాక ఊరికే ఉండలేకపోయాను. టీ గ్లాసు ఎడమపక్క పెట్టి చూశాను. టీ ఇవ్వవేం అన్నాడు. కుడిపక్కకు జరిపాను. తాగాడు. నేను వంటగదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, చాలాసేపు ఊరికే గిన్నెలు కడిగాను. ఆయన గుడ్డివాడు కాదు. రెండు కళ్ళూ ఉన్నాయి, సూదిమొనంత పువ్వు కనిపిస్తుంది. కాని ఆయనకు లోకం సగమే ఉంది, ఆ రెండో సగం లేదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

చెప్పాలి కదా. చెప్పలేదు. ఎందుకంటే ఆ వారమే డిపో డాక్టరు పిలిచాడు. గోడమీద అక్షరాలు చదివించాడు. ఈయన మెడ తిప్పి తిప్పి, గడగడా చదివేశాడు. రక్తపోటు చూశారు, నడిపించి చూశారు, భేష్ అన్నారు. సోమవారం నుంచి డ్యూటీ ఎక్కమన్నారు. ఇంటికి వస్తూ వస్తూ వీధి మొదట్లోంచే కేకేశాడు. ఆ ముఖం చూశాక నా నోరు ఎలా పెగులుతుంది? ఖాకీ చొక్కా తానే ఉతుక్కున్నాడు, తానే ఇస్త్రీ చేసుకున్నాడు. ఊడిన గుండీ కుట్టివ్వమని నా మిషను దగ్గర నిలబడ్డాడు. గుండీ కుడుతూ సూది వేలికి గుచ్చుకున్నాను.

రెండురోజులు చెప్పకుండానే తిరిగాను. మిషను మీద కూర్చుంటే కుట్టు వంకరపోతోంది. పడుకుంటే నిద్ర లేదు. ఆయన పక్కన హాయిగా బ్రేకు తొక్కుతున్నాడు. చివరికి ఆయన బజారుకు వెళ్ళినప్పుడు కండక్టరు మరిదిని పిలిచి అంతా చెప్పేశాను. అతను ముందు నవ్వబోయాడు, ఆపైన నవ్వలేదు. పళ్ళెం సంగతీ కొంగ సంగతీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

“వదినా, అన్నను ఇంట్లో కూర్చోబెడితే మనిషి మిగలడు. ఎడమపక్క తలుపు దగ్గర నేనే కదా ఉండేది. నేను చూసుకుంటా. ఎవరొచ్చినా కేకేస్తా. ఆయనకు తెలియక్కర్లేదు, ఎవరికీ తెలియక్కర్లేదు.”

నిజం చెప్పొద్దూ, నా ప్రాణం లేచొచ్చింది. ఎంత మంచివాడు, ఎంత తేలిక దారి చెప్పాడు అనుకున్నాను. అతను వెళ్ళాక మిషను ముందు కూర్చుని ఒక గౌను అంచు మడుస్తున్నాను. బడి మొదటి తరగతి పిల్లది, నా అరచేతికి నాలుగు రెట్లు కూడా లేదు. మన రోడ్ల మీద బండ్లు ఎడమపక్క నడుస్తాయి. బస్సుకు తలుపు ఎడమపక్కే. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ, పరిగెత్తుకొచ్చేవాళ్ళూ అందరూ అటే. కండక్టరు వెనక టికెట్లు కొడుతుంటాడు. చిల్లర లేదని ఎవడో పేచీ పెట్టుకుంటాడు. ఆ ఒక్క క్షణం చాలదూ? గౌను పక్కన పడేసి లేచాను. ఇంక కుట్టలేకపోయాను.

ఆదివారం పొద్దున బాటకు వెళ్దామన్నాను. రేపు డ్యూటీ పెట్టుకుని ఈరోజు నడకెందుకు అన్నాడు గాని, వచ్చాడు. ఎండ కాస్తోంది. జమ్ము మొనలు మోకాలెత్తుకు వచ్చి, పాత ఎండు ఆకులను పక్కకు తోసేస్తున్నాయి. తోకకప్పలకు వెనక కాళ్ళు మొలిచాయి. ఎర్రపొద ఇప్పుడు ఎర్రగా లేదు, లేతాకులు విచ్చుకుంది. నీళ్ళలో బాతులన్నీ ఒకచోట చేరి, ప్రయాణం పెట్టుకున్న ఇల్లులా ఒకటే గోల. రెక్కలు విదిలిస్తాయి, లేస్తాయి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ వాలతాయి. వాటికీ కుదురు లేదు, నాకూ లేదు.

బాతులకు సరిగ్గా ఎదురుగా బాట మధ్యలో ఆయన్ని ఆపాను. ఇక్కడ స్టాపు లేదే అన్నాడు. ఉంది, నేను పెట్టానన్నాను. ఆ చివర స్తంభం కేసే చూడమన్నాను. తల తిప్పొద్దు, చూపు కదపొద్దు, ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమన్నాను. ఇదేం ఆట అని నవ్వి, చెప్పాడు. స్తంభం. గోడ. గోడమీద పసుపు పూలు, ఒక ఉడత. నీళ్ళలో ఏమున్నాయన్నాను.

ఏమీ లేవు, చప్పుడు వినిపిస్తోంది గాని ఇంకా జమ్ములోనే ఉన్నాయి, టైము కాలేదు అన్నాడు.

భుజాలు పట్టుకుని ఆయన్ని వెనక్కి తిప్పాను. ఇప్పుడు మేం వచ్చిన దారి ఎదురుగా ఉంది. మళ్ళీ తిన్నగా చూడమన్నాను. “చూశావా, ఇప్పుడు...” అని ఆయన మొదలెట్టాడు. మాట సగంలో ఆగిపోయింది. బాతుల గుంపు మొత్తం ఆయన కుడిపక్క ఉంది. ఒక్క నిమిషంలో అన్ని బాతులు ఎక్కడినుంచీ వచ్చి వాలవు.

ఆయన తనంతట తనే మళ్ళీ స్తంభం వైపు తిరిగాడు. నిలబడ్డాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. మళ్ళీ అటు. బస్సులో ఏదో చప్పుడొస్తే డ్రైవరు ఎలా వింటాడో అలా ఒళ్ళంతా పెట్టి చూస్తున్నాడు. చివరికి స్తంభం వైపు తిరిగి ఆగిపోయాడు. గొంతు మామూలుగానే ఉంది.

“నువ్వు వెనక్కి వెళ్ళు. నా ఎడమపక్క నుంచి నడుచుకుంటూ ముందుకు రా. ప్యాసింజరు వచ్చినట్టు రా. ఎక్కడ కనిపిస్తావో చెబుతాను.”

వెనక్కి వెళ్ళాను. చెక్కల మీద నా చెప్పులు టకటకమంటున్నాయి. ఆయన వీపు దాటాను. భుజం దాటాను. ఆయన కదలకుండా స్తంభాన్నే చూస్తున్నాడు. ఇంకో అడుగు వేసి, ఆయన ముఖానికి ఎడమగా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా ఎదర నిలబడ్డాను. ఆయన చెంప మీద గడ్డం గీసుకున్నప్పుడు పడ్డ చిన్న గాటు కూడా నాకు కనిపిస్తోంది. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు.

“చప్పుడు ముందుకొచ్చింది,” అన్నాడు. “నువ్వు రాలేదు.”

నేను చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. నీకెప్పటినుంచి తెలుసు అని నిలదీస్తాడనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన అదేమీ అడగలేదు. బెంచీ ఉంటే వెళ్ళి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. కండక్టరు మరిది అన్నమాట చెప్పాను, దాచలేదు. అతను కేకేస్తానన్నాడు, మీరు సరేనంటే అలాగే నడుస్తుంది, ఎవరికీ తెలియదని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆయన ముఖం చూడలేక చెప్పానేమో. బాతులు మళ్ళీ లేచాయి. ఈసారి ఒక చుట్టు తిరిగి వాలలేదు. పైకి, ఇంకా పైకి వెళ్ళి, గోడ అవతలికి పోయాయి. ఆయన వాటికోసం తలెత్తలేదు.

“అటునుంచే కదే పిల్లలు ఎక్కేది,” అన్నాడు.

అంతే. లేచి నిలబడ్డాడు. నేను ఇంటివైపు తిరిగితే, ఇటు కాదు అని డిపో వైపు నడిచాడు. పాత ప్యాంటు, నడక చెప్పులు, గడ్డం కూడా సరిగ్గా లేదు. ఇలా వస్తారా, బట్టలు మార్చుకుని వెళ్దామంటే వినలేదు. ఇంటికి వెళ్తే ఆ ఖాకీ చొక్కా కనిపిస్తుంది, కనిపిస్తే వేసుకుంటాను అన్నాడు. రోడ్డు దాటేటప్పుడు నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకోలేదు. ఎప్పుడూ విదిలించుకునే మనిషి.

డిపో పెద్దాయన బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి, నవ్వుతూ ఎదురొచ్చాడు. నీ డ్యూటీ రేపు కదయ్యా, గడియారం ఒకరోజు ముందు నడుస్తోందేమిటి అన్నాడు. లోపల ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఒకరు కుర్చీ లాగారు, ఒకరు టీ చెప్పారు. ఆయన కూర్చోలేదు. చేతులు కట్టుకుని, బస్సులు కడగడానికి మొదటిరోజు వచ్చిన కుర్రాడిలా నిలబడ్డాడు.

“రేపటి చార్టులోంచి నన్ను తీసెయ్యండి సార్. నాకు ఎడమపక్క లేదు.”

ఎవరికీ అర్థం కాలేదు. పెద్దాయన చేతిలో గ్లాసు అలాగే ఆగింది. ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలెట్టాడు, కొంగ దగ్గరనుంచీ బాతుల దాకా, ఒక్కొక్కటే, వరసగా, ఎక్కడా తడబడకుండా. గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. నేను ఆయనకు ఎడమపక్క నిలబడి ఉన్నాను. అందుకని నేను ఏడుస్తున్నట్టు ఆయనకు తెలియలేదు.